టిఫిన్‌కు అరగంట ముందు

ఫార్మసిస్టు కొలువులోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను మహదేవపూర్‌లో మొదలుపెట్టి, ఘనపూర్ మీదుగా జనగామ వైపు వచ్చి రిటైరయ్యాను. ఎక్కడికి బదిలీ అయినా జనం నన్ను 'మందుల సారు' అన్నారు. ఆ బహువచనమే నా పరువు కాపాడింది. ఆ 'ల' ఒక్కటి జారి 'మందు సారు' అయినా మా ఇంటావిడ ఊరుకునేది కాదు. ప్రమోషన్ల ఊసు ఎత్తను. అవి కూడా నా ఊసు పెద్దగా ఎత్తలేదు.

కోపంతో రాస్తున్నానని ముందే చెబుతున్నాను. ఉద్యోగమంతా ఊరి జనం కడుపు మంటకు గోలీలిచ్చాను. తీరా నాకే కడుపు మండితే ఏ గోలీ వేసుకోవాలో చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకని కాగితం మీద కక్కుతున్నాను.

కిటికీ దగ్గర అర నిమిషం

మన పని చూసేవాళ్లకు తేలిక. చీటీ తీసుకో, గోలీలు కత్తిరించు, కవరు మీద గీతలు గియ్యి, "పొద్దుగాల ఒకటి, రాత్రికి ఒకటి" అను, తర్వాతి మనిషిని పిలువు. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా దక్కదు. డాక్టరు రాసింది చీటీలో ఉంటుంది గానీ అది వాళ్లు చదవలేరు. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు మనమూ చదవలేం. ఆ కిటికీ రంధ్రంలోంచి మన నోటి మాట ఎలా బయటికొస్తే మందు అలాగే పనిచేస్తుంది. ఈ ముక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కిటికీకి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పే రోగం ఒకటే. గ్యాస్. ఛాతీలో మంట గ్యాసే, పేగులో పుండు గ్యాసే, పెద్దకోడలు ఎదురు మాట్లాడితే వచ్చే ఆయాసమూ గ్యాసే. మనం ఇచ్చేదీ ఒకటే, గ్యాస్ గోలీ. ఏమిటిది, ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగితే మనం చెప్పే జవాబు కూడా చాలాసార్లు గ్యాసే.

ఘనపూర్‌లో ఒక కిరాణం సేటు ఉండేవాడు. భోజనం కాగానే వక్కపలుకు వేసుకున్నట్టు గ్యాస్ గోలీ నోట్లో వేసుకునేవాడు. ఆయనకు పుండు లేదు, పరీక్ష చేయించుకున్నదీ లేదు. ఎప్పుడో ఒకసారి పెళ్లి భోజనం అరక్క మొదలుపెట్టాడట. "ఒక్కపూట ఆపితే మంట రెట్టింపు అయితాంది సారూ, అంటే నాకు రోగం ముదిరినట్టే గదా" అనేవాడు. రోగం ముదరలేదు. ఏళ్ల తరబడి ఆమ్లాన్ని తొక్కిపెట్టి ఒక్కసారిగా వదిలేస్తే అది కొన్నాళ్లు ఎగిసిపడుతుంది. మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. ఆ మాట చెప్పాల్సిన నేను ఏం చేశానంటే, ఇంకో నెలకు ఇచ్చి పంపాను. కోపం మొదట నా మీదే.

మోటార్ల సంగతి

కడుపులో ఆమ్లం ఎలా ఊరుతుందో నాకు కాలేజీలో అర్థం కాలేదు. మహదేవపూర్‌లో ఒక రైతు బోరు దగ్గర కూర్చున్నప్పుడు అర్థమైంది.

కడుపు గోడ కణాల్లో లెక్కలేనన్ని చిన్న మోటార్లు ఉన్నాయనుకోండి. ఆమ్లాన్ని లోపలికి తోడిపోసేవి అవే. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వాటిలో ఎక్కువ భాగం పడుకుని ఉంటాయి. కూర వాసన తగిలి, మొదటి బుక్క గొంతు దిగగానే స్టార్టర్ పడుతుంది, మోటార్లు లేస్తాయి. వెనకటి రానిటిడిన్ లాంటి గోలీలు ఆ స్టార్టర్‌కు వచ్చే తీగల్లో ఒక తీగను పీకేవి. అయినా వేరే తీగల నుంచి కరెంటు వస్తూనే ఉండేది. తర్వాత వచ్చిన ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ అలా కాదు, నేరుగా మోటారునే పట్టేస్తాయి. పట్టిన మోటారు ఇక లేవదు. ఒళ్లు కొత్తది తయారు చేసుకోవాల్సిందే. రోజూ సరిగ్గా పడితే నాలుగైదు రోజుల్లో ఊట బాగా తగ్గుతుంది. కొన్ని వారాలు పుండు మీద ఆమ్లం పడకుండా ఆపగలిగితే, కాలికి తగిలిన దెబ్బ మానినట్టే అదీ మానుతుంది.

మెలిక ఎక్కడుందంటే, ఈ మందు నడుస్తున్న మోటారునే పట్టగలదు. పడుకున్నదాన్ని ముట్టదు. పైగా అది రక్తంలో ఉండేది కొద్ది గంటలే. అందుకే మందు రక్తంలోకి చేరే వేళకు బువ్వ కడుపులోకి చేరాలి. అరగంట ముందు అనే మాట ఎవరో పంతులు పెట్టిన ముహూర్తం కాదు, దాని వెనక లెక్క ఉంది. గోలీ మింగి ఏడు గంటల తర్వాత తింటే, దొంగలు రాకముందే పోలీసులొచ్చి, చాయ తాగి, వెళ్లిపోయినట్టు ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

మార్తమ్మ

మార్తమ్మది దేవరుప్పుల వైపు ఒక ఊరు. నలభై దాటిన మనిషి. పత్తి ఏరే కూలీ. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు చేను. వరంగల్‌లో గొట్టం వేసి చూస్తే చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు, పుండు పుట్టించే క్రిమి కూడా ఉందన్నారు. క్రిమికి రెండు వారాల మందులు వాడింది. ఆ తర్వాత రోజూ పొద్దున ఒక గ్యాస్ గోలీ, ఎనిమిది వారాలు. ఆ గోలీలు ఇచ్చింది నా చేతులే. ఎనిమిది వారాలయ్యాక మళ్లీ చూస్తే క్రిమి పోయింది గానీ పుండు అలాగే ఉంది. పొద్దున వేసుకునే ఒక గోలీని రెండు చేశారు. నొప్పి తగ్గలేదు.

మా పెద్ద డాక్టరు ఎవరో, అది ఏ దవాఖానో రాయను. హస్తవాసి ఉన్నవాడు. నాడి పట్టుకుంటే రోగం భయపడేది, నోరు తెరిస్తే రోగి భయపడేవాడు. మార్తమ్మ మళ్లీ వచ్చిన రోజు, గోలీలు సరిగా ఇచ్చావా అని నన్నూ గదిలోకి పిలిచాడు.

"ఏమ్మా, గోలీలు నువ్వేసుకుంటున్నవా, కోళ్లకేస్తున్నవా?"

"ఒక్క పొద్దు గూడ తప్పలే సారూ. యేసయ్య సాక్షి."

"యేసయ్యను సాక్ష్యానికి పిలువకు. ఆయనకు ఓపీ చీటీ లేదు."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వును ఈ రోజుకీ అరిగించుకోలేకపోతున్నాను.

"నడుం నొప్పికి దొంగచాటుగ గోలీలు మింగుతున్నవు గదా? గందుకే మానుతలేదు."

"అవి బంద్ వెట్టి ఆర్నెల్లాయె సారూ, మీరు వద్దంటిరి గద. నడుం పట్టుకపోతున్నది, అయినా ముడుతలే." ఆమె సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద కుమ్మరించింది. అన్నీ ఖాళీ గోలీ షీట్లే. "ఇగో. ఒక్కటి గూడ పారెయ్యలే. లెక్కవెట్టుకోండ్రి."

"గోలీ మట్టిల పారేసి షీటు తెచ్చుడు ఎంతసేపు?"

ఆయన కేసుషీటు తీసి, పైకి చదువుతూ రాశాడు: "రోగి మందులు సరిగా వాడడం లేదు." గట్టిగానే చదివాడు. వరండాలో వరుస కట్టినవాళ్లంతా విన్నారు. వాళ్లలో ఆమె ఊరివాళ్లూ ఉన్నారు.

బయటికొచ్చాక మార్తమ్మ కిటికీ దగ్గర నిలబడి నన్ను అడిగింది. "నేను లంగదాన్నా సారూ, అబద్ధాలాడేదాన్నా? కడుపుల నొప్పి ఓర్సుకుంట. గీ మాట ఎట్ల ఓర్సుకోవాలె?"

"డాక్టరు సారుకు జర కోపమెక్కువ అక్కా. మనసుల పెట్టుకోకు" అన్నాను. నమ్ముతున్నానని అనలేదు. నిజానికి నమ్మలేదు. ఇంత మంచి మందుకు మానని పుండు ఉంటుందా, ఈమె ఎక్కడో తప్పుతోంది అనుకున్నాను. మందుల మీద నాకు అంత నమ్మకం. మనుషుల మీద లేకపోయింది.

మూడు వారాలకు ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందట. ముఖం ఆమె ఏరే పత్తిలా తెల్లబడిపోయింది. వరంగల్ పంపితే అక్కడ నెత్తురెక్కించి, గొట్టంలోంచే సూది వేసి, కారడం ఆపారు. ఆపి, మా కేసుషీటు చదివి, ఆపరేషన్ అన్నారు. వాళ్ల లెక్క వాళ్లది. మందు వాడని మనిషికి మళ్లీ మందు రాసి ఏం లాభం, మళ్లీ పగిలితే ప్రాణం దక్కదు, కోసేయడమే మేలని. వచ్చే వారం రమ్మని ఇంటికి పంపారు.

మా డాక్టరు రాసిన ఒక్క వాక్యం చదివి కత్తికి సాన పెట్టారు. నన్నడిగితే ఆ వాక్యమే పెద్ద పుండు.

"కట్టుడేంది?"

ఆపరేషన్ దాకా వాడాల్సిన గోలీల కోసం మార్తమ్మ కిటికీకి వచ్చింది. నేను అలవాటుగా కవరు మీద సూర్యుడి బొమ్మ వేసి, అలవాటుగా అన్నాను. "టిఫిన్‌కు అరగంట ముందు, యాదికున్నది గదా?"

"గదేంది సారూ, గన్ని నెలలకెళ్లి గట్లనే చేస్తున్న. టిఫిన్ కట్టేటందుకు అరగంట ముందే మింగుత. మింగి, కూర పొయ్యి మీద పెడ్త. అయినంక కడ్త."

కవరు పక్కన పెట్టాను. "కట్టుడేంది అక్కా?"

"టిఫిన్ కట్టుడు సారూ. అన్నం, కూర డబ్బల పెట్టుకొని చేనుకు తీస్కపోవద్దా?"

"మరి తినుడు?"

"చేన్లనే. పన్నెండు, ఒంటిగంట. మేస్త్రి ఎప్పుడు లెవ్వమంటె అప్పుడు."

"గోలీ మింగుడెప్పుడు?"

"అయిదింటికి."

"నడుమల ఏం తినవా?"

"ఇన్ని చాయనీళ్లు. నడుమల తినుడు మాకేడిది సారూ, మేమేమన్న ఆఫీసర్లమా?"

ఆమె నవ్వింది. నేను ఇన్నేళ్లుగా 'టిఫిన్' అంటూ వచ్చాను. నా టిఫిన్ అంటే ఏడున్నరకు పళ్లెంలో పడే ఇడ్లీ. ఆమె టిఫిన్ అంటే చేతికి వేలాడే స్టీలు డబ్బా. మాట ఒకటే, నడుమ ఏడు గంటలు. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు, నిమిషం అటూ ఇటూ కాకుండా పాటించింది. మందు పొద్దున్నే ఆమె ఒంట్లోకి వచ్చి, పడుకున్న మోటార్లను చూసుకుంటూ వెళ్లిపోయేది. చాయకు ఒకటో అరో లేచి ఉంటాయేమో, వాటిని పట్టి ఉంటుందేమో. మధ్యాహ్నం ఆమె డబ్బా మూత తీసేసరికి మిగిలినవన్నీ ఒక్కసారిగా లేచి పుండు మీద ఆమ్లం కుమ్మరించేవి. గోలీని రెండు చేస్తే ఏమవుతుంది? ఇద్దరు పోలీసులు వచ్చి చాయ తాగి వెళ్తారు.

చెప్పొద్దూ, నాకు అక్కడే కిటికీ అద్దం పగలగొట్టాలనిపించింది. అది దవాఖాన ఆస్తి అని ఆగాను. అంతకంటే, ఆ అద్దంలో కనిపిస్తున్నది నా మొహమే.

డాక్టరు గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. "ఆమె అబద్ధం చెప్పలేదు సార్. మనమే తప్పు చెప్పినం."

"మనమా? నేను రాసింది ఆహారానికి ముందు అని. టిఫిన్ అన్నది నువ్వు."

ఆయన రోగనిర్ధారణ ఎప్పటిలాగే సరైనది.

"నేనే సార్. అందుకే ఆ వాక్యం కొట్టేయండి. దాన్ని పట్టుకొని కోస్తమంటున్నరు."

"రాసినంక కొట్టేసుడేంది? రేపు ఎవరన్న అడిగితే నువ్వు జవాబిస్తవా? పో, కిటికీ కాడ లైను పెరుగుతాంది."

ఒక సాలు

మర్నాడు సెలవు పెట్టి మార్తమ్మతో వరంగల్ బస్సెక్కాను. అక్కడి సర్జన్ చిన్న వయసు డాక్టరమ్మ. అంతా విని నన్ను తిడుతుందనుకున్నాను. తల పట్టుకుని, "నేను కూడా టిఫిన్‌కు ముందే అని చెప్తున్న" అంది. ఉద్యోగంలో నేను విన్న నిజాయితీ గల మాటల్లో అది ఒకటి. నెత్తురు మళ్లీ రావడం లేదు కాబట్టి ఎనిమిది వారాలు ఆగుదామంది. మూడు వారాలు చేనుకు పోవద్దని, నల్లగా అయితే ఆ గంటే రావాలని చెప్పింది. ఆ పైన కేసుషీటు తిరగేస్తూ, "ఇక్కడ నువ్వు మందులు వాడవని రాసి ఉందమ్మా" అని మార్తమ్మకు మళ్లీ చదివి వినిపించింది.

"నాకెరుకే అమ్మా. ఊరందరికి ఎరుకే" అంది మార్తమ్మ.

మళ్లీ చేనుకు పోవడం మొదలయ్యాక సమస్య వచ్చింది. మేస్త్రి ఎప్పుడు లేవమంటే అప్పుడే తిండి. మరి అరగంట ముందు అని ఎలా తెలుస్తుంది? నేను ఫోనులో అలారం, గడియారం అని ఏవేవో చెబుతున్నాను. మార్తమ్మ నా వైపు జాలిగా చూసింది.

"నేను ఒక సాలు ఏరుతె అరగంట సారూ. మేస్త్రి 'గిదే ఆఖరి సాలు' అనంగనే మింగుత. సాలు కాంగనే టిఫిన్ తెరుస్త."

నా చదువంతా ఒక సాలు పత్తి ముందు తేలిపోయింది. గోలీని కొంగున ముడేసుకుని పోయేది. దాన్ని షీటులోంచి ముందే తీయకని, కొరకొద్దని మాత్రం చెప్పాను. గోలీ మీదుండే పొర కడుపులోని ఆమ్లం నుంచి మందును కాపాడుతుంది. అది పగిలితే మందు గమ్యం చేరకముందే పాడవుతుంది.

ఎనిమిది వారాల తర్వాత గొట్టం వేసి చూశారు. పుండు లేదు. చిన్న మచ్చ ఉంది.

నేను సంతోషించాలి కదా? ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. మార్తమ్మకు ముందు ఎంతమందికి అదే మాట చెప్పాను? ఎంతమంది 'ఈ మందు నాకు పడలే' అనుకుని మానేశారు? ఎంతమందిని డాక్టర్లు అబద్ధాలకోరులన్నారు, నేను పక్కన నిలబడి నవ్వాను? వాళ్ల పేర్లు నా దగ్గర లేవు. గోడ మీద రంగురంగుల పోస్టరు మాత్రం ఉండేది. అందులో తెల్ల చొక్కా మనిషి బల్ల ముందు కూర్చుని, ఎదురుగా పండ్లు, పాలు, రొట్టె పెట్టుకుని గోలీ వేసుకుంటూ నవ్వుతుంటాడు. ఆ బల్ల మా జిల్లాలో ఎన్ని ఇళ్లల్లో ఉందో ఆ పోస్టరు వేసినవాణ్ని అడగాలని ఉంది. వాడూ గ్యాసే చెబుతాడు.

పిల్లలారా, కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు "వేసుకుంటున్నవా?" అని అడగకండి. అది పోలీసు ప్రశ్న. "నోట్ల మొదటి బుక్క ఎప్పుడు వెడ్తవు?" అని అడగండి. జవాబు విన్నాకే గోలీ ఎప్పుడో చెప్పండి. నొప్పి గోలీలు మింగుతున్నారా అనీ, నల్లగా అవుతోందా అనీ, బరువు తగ్గారా అనీ అడగండి. ఏదైనా అవునంటే గోలీలిచ్చి పంపేయకుండా డాక్టరు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. వెనక లైను అరుస్తుంది. అరవనివ్వండి. అర నిమిషం మిగిల్చి నేను ఏ ఖజానా నింపాను?

కేసుషీటు

పుండు మానిందన్న కాగితం పట్టుకుని మార్తమ్మ మా దవాఖానకు వచ్చింది. గోలీల కోసం కాదు. నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది. చేతిలో కాగితం చూసి, ఆమె వెనకే నేనూ వెళ్లాను.

"మానింది గదా, మంచిది" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

"నేను గోలీలు మింగలేదని రాసిన్రు గద సారూ. గది కొట్టేయుండ్రి."

"పుండు మానినంక ఇంకేం గావాలె నీకు?"

"పుండు మానింది సారూ. ఊర్లె మాట మానలే. చర్చిల గూడ అడుగుతున్నరు, సర్కారు గోలీలు పారేసినవటగా అని."

"కేసుషీట్ల కొట్టివేతలుండయ్. రూలు" అంటూ ఆయన లేచి, పక్కనున్న వార్డులోకి వెళ్లాడు.

కేసుషీటు బల్ల మీదే ఉంది. కొట్టివేతలు ఉండకూడదన్నాడు. అదనంగా రాయకూడదనలేదు. నేను నా పెన్ను తీసి, ఆ వాక్యం కింద ఇంకో ముక్క రాశాను. కింద నా సంతకం, నా హోదా పెట్టాను. దానికి తర్వాత నాకు మెమో వచ్చింది. నా కొలువులో వచ్చిన కాగితాలన్నిటిలోకీ భద్రంగా దాచుకున్నది అదొక్కటే.

"ఏం రాసినవు సారూ?" అంది మార్తమ్మ.

మెల్లగా చదివాను. "ఇచ్చిన గోలీలన్నీ ఈమె వేసుకుంది. ఎప్పుడు వేసుకోవాలో తప్పుగా చెప్పింది నేను."

మార్తమ్మ గడప దగ్గరికి వెళ్లి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. వరండాలో ఓపీ లైను గోడ చివరిదాకా ఉంది.

"గట్టిగ చదువు సారూ. గాయన గట్టిగనే చదివిండు గద."

నిలబడి, వార్డు దాకా వినపడేలా చదివాను. మార్తమ్మ చివరి అక్షరం దాకా విని, కొంగు సర్దుకుని, గుమ్మానికి ఆనుకుంది.

"ఇంకొక్కసారి" అంది.